మునగాకు సర్వపిండి

ఈ ఉదయం మా మనవరాలు గాజు గ్లాసులో ఏదో ఆకుపచ్చ పొడి వేసి గిలక్కొట్టి నా చేతికిచ్చింది. "అమ్మమ్మా, ఇది సూపర్ ఫుడ్. మొహం అట్ల పెట్టకుండా తాగు" అంది. డబ్బా మీద ఇంగ్లీషు అక్షరాలు చాలా ఉన్నాయి గానీ, గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే నాకు వాటితో పని లేకపోయింది. అది మునగాకు. ఎండబెట్టి, దంచి, ఎంత దూరం నుంచి తెప్పించినా ఆ పచ్చివాసన మారలేదు. పిల్ల చిన్నబుచ్చుకుంటుందని గడగడా తాగేశాను. తాగాక వరండాలో కూర్చుంటే, వరంగల్లులో మా సాలెవాడ ఇల్లూ, ముందు గదిలో గుంట మగ్గమూ, వెనక వంటింట్లో పొగకు కళ్లు నులుముకుంటూ మా మేనత్తా ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చారు.

అవి లడాయి దినాలు. లడాయి ఎక్కడో సముద్రాల అవతల జరుగుతున్నా, దాని దెబ్బ మా పొయ్యి దాకా వచ్చింది. నూలు దొరికేది కాదు, బియ్యం అంతకన్నా దొరికేవి కావు. దొరికిన కాసిని బియ్యంలో రాళ్లేరడం నా పని. ఆ బియ్యం ఎవరు తినాలన్నది మాత్రం మా నాయినమ్మే చెప్పేది. మగ్గం మీద కూర్చునేది బాపు, కాబట్టి తెల్లన్నం బాపుకు. దాంట్లోకి పచ్చిపులుసు. మిగతా అందరికీ జొన్నరవ్వ ఉడికించిన గట్కా, దొడ్లో మొలిచిన ఏదో ఒక ఆకుకూరా. బాపు పళ్లెంలో ఆకుకూర పడితే నాయినమ్మకు తలకొట్టేసినట్టుండేది. "కష్టపడేటోనికి గడ్డి పెడుతమా?" అనేది. ఆమెకు కొడుకంటే అంత ప్రాణం.

ఆ ఏడు అమ్మ కాన్పుకని తొర్రూరులో తల్లిగారింటికి వెళ్లింది. ఇల్లు చూసుకోవడానికి బాపు అక్క, అంటే మేం అత్తమ్మ అని పిలిచే మా మేనత్త, పరకాల దిక్కున ఉన్న తన ఊరి నుంచి వచ్చింది. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉండేది. మాట తక్కువ. భర్త పోయి కొన్నేళ్లయింది, పిల్లలు లేరు. వచ్చిన రోజే వంటిల్లంతా ఊడ్చి, గిన్నెలన్నీ బూడిదతో తోమి బోర్లించింది. నాయినమ్మకు అది నచ్చలేదు. అంతకుముందు గిన్నెలు మురికిగా ఉన్నాయని ఒప్పుకున్నట్టవుతుంది కదా!

బాపు సంగతి మొదట కనిపెట్టింది అత్తమ్మే. పొద్దుగూకేసరికి ఆయన మగ్గం దిగి గోడకానుకుని కూర్చునేవాడు. నడుము నొప్పి అనేవాడు. మేమూ నమ్మాం. ఒక సాయంత్రం అత్తమ్మ నీళ్ల చెంబు అందిస్తే, ఆయన చెయ్యి చెంబు పక్కనుంచి గాలిలోకి వెళ్లింది. అత్తమ్మ చెంబు జరిపి ఆయన చేతిలో పెట్టింది. ఆ తర్వాత నాలుగైదు రోజులకే బాపు మసక వెలుతురులో లోపలికొస్తూ మగ్గం గుంటలో పడ్డాడు. కాలు బెణికింది, మగ్గం మీది పడుగు పోగులు గుత్తులుగా తెగాయి. కాలి కన్నా ఆ పోగులు చూసి ఆయన ఏడ్చాడు. అప్పుడు బయటపడింది. చీకటి పడితే ఆయనకు ఏమీ కనబడటం లేదు. రేచీకటి.

నాయినమ్మ దిష్టి తీసింది. కళ్లలో పసరు పోసే మనిషిని పిలిపించింది. అతను గుమ్మంలోకి రాగానే అత్తమ్మ అడ్డంగా నిలబడింది.

"కండ్లల్ల ఏం పొయ్యనియ్య. నువ్వు పో" అంది.

"నా కొడుకు కండ్లు పోతాంటే నువ్వెవలే అడ్డుపడనీకి?" అని నాయినమ్మ గోల పెట్టింది.

"తమ్మికి అక్కను. అవ్వా, నీ అల్లునికి జరం వచ్చిన్నాడు రేపు దవాఖానకు పోదాం, ఎల్లుండి పోదాం అన్నరందరు. నేనూ ఊకున్న. మనిషే పోయిండు. ఇప్పుడు ఊకోను."

పెళ్లయినప్పటి నుంచీ ఆమె అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలని తర్వాత నాయినమ్మే చెప్పింది.

మర్నాడు కుంటుతున్న బాపును, తోడు నన్నూ తీసుకుని అత్తమ్మ దవాఖానకు నడిచింది. అక్కడి డాక్టరమ్మ బాపు రెప్పలు ఎత్తి చూసింది. ఏం తింటావని అడిగింది. అన్నం, పచ్చిపులుసు అన్నాడు. ఇంట్లో మిగతా వాళ్లేం తింటారని అడిగింది. అత్తమ్మ చెప్పింది. డాక్టరమ్మ "వాళ్లకు బాగానే కనిపిస్తోందా?" అంది. బాగానే కనిపిస్తోంది. "అయితే వాళ్లు తినేదే ఈయనకూ పెట్టండి. మునగాకు, తోటకూర రోజూ తినాలి. కొంచెం నూనె తగలాలి. దొరికినప్పుడు మేక కార్జం వండి పెట్టండి. తొందరగా వచ్చారు కాబట్టి నయమవుతుంది. మానేస్తే మాత్రం నా చేతిలో లేదు" అని చెప్పి పంపింది.

ఇంటికొచ్చి అత్తమ్మ ఈ సంగతి నాయినమ్మకు చెప్పింది. తన నోరు కట్టుకుని కొడుకుకు పెట్టిన తెల్లన్నమే వాడి చూపు తీసిందంటే ఏ తల్లి తట్టుకుంటుంది? ఆ పూట ఆమె పళ్లెం ముట్టలేదు. అత్తమ్మ కూడా ఆమెను ఓదార్చలేదు. కొంగు బిగించి దొడ్లోకి వెళ్లి మునగకొమ్మ వంచింది.

ఇక మొదలైంది. ఆకు తెంపడం సులువే, బాపు చేత తినిపించడమే బ్రహ్మప్రళయమైంది. ఆయన చిన్నప్పటి నుంచీ చేదు ముట్టని మనిషి. పప్పులో వేస్తే ఆకులన్నీ ఏరి పళ్లెం అంచున వరసగా పేర్చాడు, పడుగు సర్దినంత నేర్పుగా. పులుసు పెడితే వాసన చూసి లేచిపోయాడు. గట్కాలో కలిపితే, "అక్కా, నేను మేకనా?" అన్నాడు. "మేకకు కండ్లు మంచిగనే ఉంటయి" అంది అత్తమ్మ. "నువ్వు పక్కకు పెట్టు తమ్మీ, నేను వండుతనే ఉంట. ఎవలు ముందు అలుస్తరో సూద్దాం."

అలా పట్టుబట్టి రోజుకొక తీరు వండుతూ చివరికి సర్వపిండి దగ్గరికి వచ్చింది. మామూలుగా దానికి బియ్యప్పిండి కావాలి. బియ్యమెక్కడివి? జొన్నపిండిలో సన్నగా తరిగిన మునగాకు, ఉల్లాకు, నానిన పెసరపప్పు, వేయించిన నువ్వులు, ఎల్లిపాయ కారం వేసి కలిపింది. కానీ జొన్నపిండి విడివిడిగా రాలిపోయింది. రెండుసార్లు చెడింది. మూడోసారి కలుపుతుంటే, వంటింట్లోకి రావడం మానేసిన నాయినమ్మ వచ్చి, తాను దాచుకున్న బియ్యప్పిండి గుప్పెడు తెచ్చి ఆ ముద్దలో వేసింది. "గిది వేస్తే అంటుకుంటది" అని మాత్రం అంది. అత్తమ్మ తలెత్తకుండా కలిపింది. ఇద్దరి మధ్య రాజీ అంతే. ఆ ముద్దను సర్వ గిన్నె లోపల పల్చగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కొక్క చిల్లులో నూనె చుక్కలు వేసి, సన్నసెగ మీద మూత పెట్టింది. నువ్వులు, ఎల్లిపాయ కలిసి కాలిన ఆ వాసనకు మగ్గం చప్పుడు ఆగిపోయింది. బాపు పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు. లోపల ఏముందో ఆయనకు తెలుసు, పచ్చగా కనబడుతూనే ఉంది. అయినా అడుగున ఎర్రగా మాడిన పెచ్చు కూడా గీకి తిన్నాడు.

తిన్నంత మాత్రాన మర్నాడే చూపు రాలేదు. రోజులు గడుస్తున్నా సాయంత్రమయ్యేసరికి ఆయన గోడ పట్టుకునే నడిచేవాడు. "ఇగ చాలక్కా, అవ్వ కడుపుల పడ్డప్పుడే రాసిపెట్టి ఉంటది" అనేవాడు. అత్తమ్మ విననట్టే పొయ్యి ఊదేది. దొడ్లో చెట్టు బోడి అయితే పక్క వాడల్లో అడిగి ఆకు తెచ్చేది. కార్జం దొరికిన రోజు దాంట్లో మిరియాలు దంచి వేసేది. వానలో కట్టెలు తడిసినా, ఒళ్లు వెచ్చబడినా వంట ఆపలేదు. మేమందరం కూడా అదే తిన్నాం. ఇంట్లో రెండు రకాల పళ్లేలు మళ్లీ పెట్టలేదు.

చలికాలం మొదట్లో తొర్రూరు నుంచి అమ్మ బండి వచ్చింది. పొద్దున్నే రావలసింది, దారిలో ఇరుసు చెడి పొద్దుగూకే వేళ వాడలోకి మళ్లింది. ఎడ్ల గజ్జెలు విని నేను పరుగెత్తబోయాను. అప్పటికే బాపు గడప దాటాడు. ఆ వేళ ఆయన ఒంటరిగా బయటికి వెళ్లడం చూసి ఎన్నో నెలలైంది. వెనకాల నాయినమ్మ "గోడ పట్టుకో బిడ్డా" అని కేక వేసింది. ఆయన పట్టుకోలేదు. మోరీ కాలువ దాటి, బండి పక్కకు వెళ్లి, అమ్మ చేతుల్లోంచి పసిగుడ్డును తీసుకుని, మసక వెలుతురులోనే ముఖం దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"గీ ముక్కు అక్కదే" అన్నాడు. "సక్కగ అక్క ముక్కే దిగింది దీనికి."

నేను వెనక్కి తిరిగి చూశాను. గుమ్మంలో అత్తమ్మ పిండి చేతులతో నిలబడి ఉంది. నాయినమ్మ ఆమె భుజం పట్టుకుంది. అత్తమ్మ మోచేత్తో కళ్లు తుడుచుకుని, "పసిపిల్లను సలికి నిలబెట్టకుండ్రి, లోపటికి రాండ్రి" అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

మాకు బాపు చూపు ఆ ఒక్క సాయంత్రంలోనే తిరిగి వచ్చినట్టనిపించింది. అది ఎన్ని నెలల పనో, పూట పూటా పొయ్యి ముట్టించిన మనిషికే తెలుసు. కాలం అలాగే గడుస్తుంది, వండేవాళ్లకు పూటలుగా, తిన్నవాళ్లకు ఒక్క జ్ఞాపకంగా.