ఓబుళమ్మ చెప్పిన స్పెయిన్ సినిమా

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించాక, ప్రాణాలు అరచేత పట్టుకుని అక్కడి అహ్మది ఊళ్లో జోర్డాన్ వెళ్లే బస్సెక్కాను. దారిలో ఒక ఇరాక్ సైనికుడు బస్సాపి సోదా మొదలుపెట్టాడు. నా పక్క సీట్లో ఉన్న కడప ఓబుళమ్మ సంచిలో వీడియో క్యాసెట్లు దొరికాయి.

“మా సైన్యాన్ని వీడియో తీశావా?” అంటూ తుపాకి ఆమెకేసి తిప్పాడు.

అవి ఆ ఏడాది స్పెయిన్‌లో విడుదలైన సినిమాలు. ఆమె ఇంటిపని చేస్తూ మామా అని పిలిచే స్పెయిన్ యజమానురాలు దేశం వదిలిపోతూ దాచమని ఇచ్చిందట. మామా కథ వివరిస్తుంటే ఇద్దరూ కలిసి చూసినవే.

“సినిమాలు. మా మామావి,” అంది ఓబుళమ్మ.

“సినిమా అయితే కథ చెప్పు.”

వచ్చీరాని అరబ్బీలో ఒక సినిమా కథ చెప్పింది. కొడుకు యుద్ధానికి పోతాడు. తల్లి రోజూ వాకిట్లో కూర్చుని ఎదురుచూస్తుంది. వింటూ వింటూ అతను తుపాకి దించాడు.

“చివరికి ఇంటికొస్తాడా?”

“వస్తాడు.”

అతను క్యాసెట్లు ఆమె ఒళ్లో పెట్టి, “యల్లా” అని డ్రైవర్‌కు చెయ్యూపాడు.

బస్సు కదిలాక అడిగాను. “నిజంగా వస్తాడా అక్కా?”

“యాడొస్తాడు నాయనా! శవమొస్తాది. వాని మొగం జూస్తా ఆ మాట యెట్ల జెప్పేది?”