పగవాడి చావుకు నా వెల్డింగ్ కన్నీళ్లు

మా ఊళ్లో ఒక మనిషి చావుకు అందరికంటే ఎక్కువగా ఏడ్చిన ఘనత నాది. ఆ పోయిన మనిషి మా ఇంటికి పగవాడు. ఈ రెండు మాటలకూ ఎక్కడా పొత్తు కుదరడం లేదని మీరు అనుకుంటారు. కుదరాలంటే నా కళ్లను నేనే సొంత ఖర్చుల మీద, సొంత తెలివితో కాల్చుకున్న వైనం చెప్పాలి. చెబుతాను. అన్నం తింటూ మాత్రం చదవకండి. పొలమారితే నాకు పూచీ లేదు.

పదో తరగతి గట్టెక్కాక మా బాపు నన్ను నార్కట్‌పల్లి దగ్గర ఒక ఐటీఐలో వెల్డర్ ట్రేడులో చేర్పించాడు. వెల్డింగంటే నాకేదో పుట్టుకతో వచ్చిన ప్రేమ అనుకునేరు. ఎలక్ట్రీషియన్ సీట్లు అయిపోయాయి, ఫిట్టర్ సీట్లు అయిపోయాయి. నేను మిగిలాను, వెల్డరు మిగిలింది. ఇద్దరికీ వేరే గతిలేక ముడిపడింది.

మాకు పని నేర్పే ఖలీల్ సార్ మంచి మనిషి. ఆయన ఏ పాఠం మొదలుపెట్టినా ఒకే మాటతో మొదలుపెట్టేవారు. "బేటా, చెయ్యి కాల్తే మల్ల తోలొస్తది. కండ్లు కాల్తే కొత్తయి ఏడ తెస్తవ్? ముందుగాల అద్దం పెట్టు."

అద్దమంటే మొహం మొత్తాన్నీ కప్పే తొడుగు. కళ్ల దగ్గర నల్లద్దం ఉంటుంది. పెట్టుకుంటే మనిషి తల బోర్లించిన బిందెలా కనిపిస్తుంది. నా అభ్యంతరం అంతా అక్కడే. ఫోన్లలో డేటా వాగునీళ్లలా పారడం మొదలైన కాలం అది. నా పక్క బెంచీ సైదులు కొత్త ఫోను కొన్నాడు. నేను వెల్డింగ్ చేస్తుంటే వీడియో తీసి చూసుకుని పెదవి విరిచాడు.

"మొహం కనిపిస్తలేదు రా. గిది నువ్వో, ఇంకోడో ఎవనికెర్క?"

నిజమే కదా! ఇంత అందమైన మొహాన్ని బిందె కింద దాచడం లోకానికి ఎంత అన్యాయం!

శుక్రవారం మధ్యాహ్నం ఖలీల్ సార్ నమాజుకు వెళ్తూ, "షెడ్డు బంద్ చేసి తాళంచెవి ఆఫీసుల ఇయ్యి" అని నమ్మి నాకే చెప్పి వెళ్లారు. ఆయన జీవితంలో చేసిన పొరపాటు బహుశా అదొక్కటే. ఆయన గేటు దాటారో లేదో, నేను అద్దం తీసి పక్కన పెట్టి, తల దువ్వుకుని, మిషన్ ఆన్ చేశాను.

మొదటిసారి నిప్పురవ్వలు సరిగా రాలలేదు. రెండోసారి రవ్వలు బాగానే రాలాయి కానీ నా జుట్టు సరిగా పడలేదు. ఆ తర్వాత సైదులు వేలు కెమెరాకు అడ్డం పడింది. "మల్ల కొట్టు రా, మల్ల కొట్టు" అని వాడు అరవడం, నేను కరిగిపోయిన వెల్డింగ్ రాడ్ తీసి కొత్తది తగిలించడం. రెప్ప వేయకుండా మంటలోకి చూశాను. రెప్పలేస్తే పౌరుషం తగ్గుతుందని నా లెక్క. చివరికి వీడియో అద్భుతంగా వచ్చింది. సూర్యుడే నాకు సలాం కొట్టడానికి షెడ్డులోకి దిగినట్టుంది.

మర్నాడు రెండో శనివారం సెలవు. ఆ సాయంత్రమే మోత్కూర్ బస్సెక్కి మా ఊరొచ్చేశాను. దారిలో కళ్లకు ఏమీ కాలేదు. సార్ ఉత్తుత్తిగా భయపెడుతున్నారని కూడా అనుకున్నాను. ఈ వెల్డింగ్ వెలుగు మహా మర్యాదస్తురాలు. చేసినప్పుడు ఏమీ అనదు, మనం ఇంటికెళ్లి తిని పడుకునేదాకా ఓపిక పట్టి, ఆ తర్వాత కొడుతుంది. తెల్లారేసరికి ఎవరో నా రెండు కళ్లలో ఇసుక పోసి, పైన కారం చల్లి, మూత పెట్టినట్టయింది. రెప్పలు వాచి బూరెలయ్యాయి. నీళ్లు ఒకటే ధార. ముక్కు కూడా దానికి తోడు.

బాపు నన్ను చూసి అదిరిపడ్డాడు.

"ఏమైంది రా?"

"వెల్డింగ్ కొట్టింది బాపు."

"అద్దమియ్యలేదా మీకు?"

"ఇచ్చిండ్రు."

"మరి?"

"పెట్టుకుంటే మొహం కనిపిస్తలేదని..."

"ఎవనికి కనిపియ్యాల్రా నీ మొహం! గా మొహం జూసే గదా ఎలక్ట్రీషియన్ సీటు రాకపాయె!"

అంతలో వాడకట్టు చివర డప్పు మోగింది. మల్లయ్య పెద్దబాపు పోయాడని కబురొచ్చింది.

మల్లయ్య పెద్దబాపు మా బాపుకు వరసకు అన్న. ఇద్దరి పొలాలూ పక్కపక్కనే. మా పొలానికి బండ్లబాట ఆయన పొలంలోంచే పోవాలి. ఏదో మాట పట్టింపుతో ఆయన ఆ బాటకు అడ్డంగా ఇనుప గేటు పెట్టి, తాళమేశాడు. అప్పటినుంచి మా ఎరువుల బండి, పత్తి బండి వాగు చుట్టూ తిరిగి పోవాల్సిందే. రెండిళ్ల మధ్య మాటల్లేవు. ఉన్నవన్నీ తిట్లే.

బాపు తువ్వాల భుజాన వేసుకున్నాడు. "మనిషే లేనంక పగేంది? మొహం జూపిచ్చి వద్దాం, నడువు."

"నేను రాను బాపు. కండ్లు తెరుస్తలేవు."

"గాయిన కండ్లు మూసిండు, నువ్వు గూడ మూసుకున్నవ్. సరిపాయె, నడువు."

చెయ్యి పట్టుకుని గుడ్డివాణ్ని తోలుకుపోయినట్టు తోలుకుపోయాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మల్లయ్య పెద్దబాపు తిట్టని మనిషి మా ఊళ్లో లేడు. గొడ్డూ గోదా కూడా బాకీ లేవు. అందుకని చావింట్లో జనమైతే నిండుగా ఉన్నారు కానీ ఏడుపు మాత్రం ఎక్కడా లేదు. ఒకరు వానల గురించి, ఒకరు పత్తి పురుగు గురించి మాట్లాడుకుంటున్నారు. పెద్దకొడుకు యాదన్న ఫోనులో టెంటువాడితో తగువు పడుతున్నాడు. పెద్దమ్మ శవం తలదగ్గర గోడకానుకుని, అందరి పొడికళ్లనూ ఒక్కొక్కటిగా చూస్తూ కూర్చుందట. ఇవన్నీ మా వెనకే వచ్చిన అమ్మ తర్వాత చెప్పింది. నాకెక్కడ కనిపించాయి?

నేను వాకిట్లోకి అడుగుపెట్టగానే ఎండ నేరుగా మొహం మీద పడింది. అంతే. కట్ట తెగింది. చొక్కా ముందుభాగం తడిసిపోయేంత కన్నీళ్లు. మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"ఎవల పిలగాడే గీడు?" అని ఒక ముసలమ్మ అడిగింది.

"గా గేటు కాడి కొట్లాటోళ్ల కొడుకు."

"అయ్యో! పగోళ్ల పోరడు గంత ఏడుస్తుండు. సొంతోళ్లు సూస్తుండ్రు సూడు!"

ఆ మాట సూటిగా యాదన్నకు తగిలింది. టెంటువాణ్ని అక్కడే వదిలేసి "బాపూ!" అని శవం మీద పడ్డాడు. కోడలు ఊరుకుంటుందా? ఆమె ఇంకాస్త పెద్దగా అందుకుంది. ఆడబిడ్డలు కోడలిని మించాలని చూశారు. నిమిషంలో ఆ వాకిలి చావిల్లయింది. నేను చేసిందల్లా రావడమే.

పెద్దమ్మ లేచొచ్చి నన్ను గట్టిగా వాటేసుకుంది. "వొచ్చినవా బిడ్డా!" అని, శవం వైపు తిరిగి "నీ కోసం ఏడ్సేటోడు ఒకడొచ్చిండు, లెవ్వయ్యా, లేసి సూడయ్యా!" అని శోకం తీసింది.

"పెద్దమ్మా, నిజంగ నాకేమైందంటే..."

"ఏం జెప్పకు బిడ్డా. నీ కండ్లే జెప్తున్నయ్."

నా కళ్లు పచ్చి అబద్ధాలు చెబుతున్నాయని ఎలా చెప్పను? అంతలో ఎవరో పెద్దావిడ జాలిపడి చీరకొంగుతో నా కళ్లు తుడిచింది. ఆ కొంగుకు జరీ ఉంది. ప్రాణం పోయినట్టై "అమ్మో!" అని గావుకేక పెట్టాను.

"పాపం, తట్టుకోలేకపోతుండు" అన్నారు జనం. ఇంకో ఇద్దరు తుడవడానికొచ్చారు.

మా బాపు అన్నీ తెలిసీ పక్కన గుంజలా నిలబడ్డాడు. కాసేపటికి ఆయన కూడా తువ్వాలతో కళ్లొత్తుకున్నాడు. "సిన్నప్పుడు ఈత నేర్పింది గాయినె" అని ఎవరికో చెబుతుంటే విన్నాను. అది వెల్డింగ్ ఏడుపు కాదు. అసలుదే.

మధ్యాహ్నానికి చిన్నకొడుకు లింగన్న హైదరాబాదు నుంచి వచ్చాడు. అక్కడ షెడ్లు కట్టే చోట వెల్డర్ పని ఆయనది. తండ్రి కాళ్లకు మొక్కి లేవగానే, "తమ్ముడు పొద్దుగాల సంది ఏడుస్తనే ఉండు" అని ఎవరో నన్ను చూపించారు. లింగన్న దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు. బొటనవేలితో నా రెప్ప కొంచెం పైకెత్తి చూశాడు. తర్వాత చెవి దగ్గర నోరుపెట్టి అడిగాడు.

"ఎన్ని రాడ్లు కొట్టినవ్ తమ్మీ?"

నా గుండె జారి చెప్పుల్లో పడింది.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత, ఎవలకు జెప్పకు."

"నేనెందుకు జెప్త? నడువ్, పాడె వట్టు."

ఆ రోజు పాడె ముందు కొమ్ము పట్టుకునే గౌరవం దక్కింది. కళ్లు కనిపించనివాడికి ముందు కొమ్ము! డప్పులు ఒక పక్క, "జర ఎడమకు రా, గుంత ఉంది" అని లింగన్న గుసగుసలు ఒక పక్క. ఊరు దాటి పొలాల్లోకి దిగాం. ఆయన గుసగుస కాస్త ఆలస్యమైంది. దేన్నో నుదుటితో ఠంగుమని గుద్దుకున్నాను.

"అయ్యయ్యో, తలకాయ గొట్టుకుంటుండు! పట్టుకోండ్రి, పట్టుకోండ్రి!" అని వెనక నుంచి అరిచారు.

అది గేటు. మల్లయ్య పెద్దబాపు పెట్టిన గేటే. తాళమేసి ఉంది. దహనం చేయాల్సింది దాని అవతల, ఆయన సొంత పొలంలోనే. తాళంచెవి ఆయన ఎవరికీ ఇచ్చేవాడు కాదు, మొలతాడుకే కట్టుకునేవాడు. పాడె దించి, లింగన్న తండ్రి మొలతాడు నుంచి చెవి విప్పి గేటు తెరిచాడు. పెద్దబాపు ముందు, వెనక మా బాపు. ఇన్నేళ్ల తర్వాత ఇద్దరూ ఆ బాటన ఒకేసారి పోయారు.

ఐటీఐకి తిరిగి వెళ్లాక ఖలీల్ సార్ అరవలేదు. వీడియో ఆయన దాకా చేరిందట. "హీరో సాబ్, ఆయియే" అని దగ్గరికి పిలిచి నాకు అద్దం తొడిగి, మధ్యాహ్నం అన్నం కూడా దాంతోనే తినమన్నారు. ప్రతి ముద్దకూ మూత ఎత్తి దించాను. సైదులు దానికీ వీడియో తీశాడు.

దినాల నాటికి నా కళ్లు శుభ్రంగా బాగైపోయాయి. అసలు ఆపద అప్పుడే వచ్చింది. తిరుమలగిరి నుంచి వచ్చిన చుట్టాలందరికీ నన్ను చూపించడం మొదలుపెట్టారు. "గా పోరడు గీడే! సొంతకొడుకు లెక్క ఏడ్చిండు." వాళ్లంతా చుట్టూ చేరి, సినిమా మొదలవుతుందన్నట్టు నా కళ్లలోకి చూస్తూ కూర్చున్నారు. నా కళ్లు మే నెల చెరువులా ఉన్నాయి.

బాపు మోచేత్తో పొడిచాడు. "జర ఏడువు రా. ఇజ్జత్ వోతాంది."

"వస్తలేదు బాపు."

"మొన్న గంతగనం ఏడిస్తివి గదరా!"

"మొన్నటిది వెల్డింగ్."

"అయితే పోయి ఇంకో రెండు రాడ్లు కొట్టి రా, పో!"

ఆ ఆపద నుంచి పెద్దమ్మే నన్ను గట్టెక్కించింది. ఇంటి వెనక్కి పిలిచి, గేటు తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"గా గేటు పీకెయ్ బిడ్డా. మీ బండి మంచిగ పోవాలె."

ఇక ఉండబట్టలేదు. మళ్లీ గేటు పడితే పడనీ అనుకున్నాను.

"పెద్దమ్మా, నేను ఆనాడు ఏడ్వలేదు. అద్దం లేకుండ వెల్డింగ్ చేస్తే కండ్లల్ల నీళ్లు..."

"ఎర్కే తియ్యి."

"ఎర్కనా?"

"లింగడు పని నేర్చిన కొత్తల నెలకోసారి గట్లనే వొచ్చేటోడు. ఆలుగడ్డ ముక్కలు కోసి కండ్ల మీద పెట్టింది నేనే గదా. నీ కండ్లు సూడంగనే సమజైంది."

"మరి ఆనాడు ఎందుకు జెప్పలే?"

"ఏమని జెప్పాలె? అంత మందిల ఒక్క కన్ను తడిలేకపాయె. నీ కండ్లన్న తడిగున్నయ్, దొరికినవ్, పట్టుకున్న."

ఐటీఐలో నాకిస్తున్న శిక్షణ ఈమెకివ్వాల్సింది అనిపించింది.

ఆ ఆదివారం లింగన్నతో కలిసి గేటు పీకేశాం. ఇనుము వృథా ఎందుకని, దాన్ని కోసి మేకల దొడ్డికి తలుపు చేసి పెట్టమంది పెద్దమ్మ. ఐటీఐ బయట నేను చేసిన మొదటి పని అదే. లింగన్న తెచ్చిన మిషన్‌తో, అద్దం పెట్టుకుని, చేతులకు తొడుగులేసుకుని, పద్ధతిగా అతికాను. చెమటలు తుడుచుకుంటూ మెప్పు కోసం నిలబడ్డాను. పెద్దమ్మ తలుపు మీద చెయ్యి పెట్టి, నా అతుకుల మీద వేలు పెట్టి చివరిదాకా నడిపించింది. అవి వానపాములు పోయిన దారిలా ఉన్నాయి. తలుపు ఒక పక్కకు ఒరిగింది. సందులోంచి ఒక మేకపిల్ల ఎంచక్కా బయటికొచ్చింది.

"మీ పెద్దబాపు సచ్చిననాడు గూడ రాని ఏడుపు గిప్పుడొస్తాంది బిడ్డా" అంది పెద్దమ్మ.

కాబట్టి చదువరులారా, ఈ వెల్డింగ్ హోల్డరు మీద చెయ్యివేసి (కరెంటు బంద్ చేశాకే వేశాను, అంత మాత్రం నేర్చుకున్నాను) ప్రమాణం చేస్తున్నాను. అద్దం పెట్టుకోకుండా ఇక జన్మలో నిప్పు రాజేయను. కెమెరా ఉన్నవాణ్ని షెడ్డు ఛాయలకు రానివ్వను. ఎవరి చావుకైనా వెళ్లాల్సి వస్తే, ముందు రోజు పనికి సెలవు పెట్టి మరీ వెళతాను. అక్కడ ఏడుపు వస్తే నా సొంతదే ఏడుస్తాను, రాకపోతే పత్తి పురుగు గురించి మాట్లాడుకునేవాళ్ల పక్కన మర్యాదగా కూర్చుంటాను.