ఫోను పెట్టెయ్యని మామగారు

ఆ మామగారికి ఫోను పెట్టెయ్యడం చేతకాదు. అమ్మకాల ఫోను వస్తే లోకంలో అందరూ "వద్దండీ" అని తెగ్గొట్టేస్తారు, నోరున్నవాళ్లు నాలుగు తిడతారు. ఈయన మాత్రం కుర్చీ లాక్కుని, కళ్లజోడు తుడుచుకుని తీరిగ్గా కూర్చుంటాడు. ముప్పయ్యేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. రిటైరయ్యాక కాగితాలు దొరక్క జనం గొంతుల మీద పడ్డాడని కోడలి అభిప్రాయం.

"సర్, మా ఉచిత బహుమతికి మీరు ఎంపిక చేయబడ్డారు!"

"పడ్డానా? ఎక్కడ పడ్డానమ్మా? పొద్దుట్నుంచి ఈ కుర్చీలోనే ఉన్నానే!"

"అది కాదు సర్..."

"'మిమ్మల్ని ఎంపిక చేశాం' అను. ఎవరూ పడక్కర్లేదు. ఏదీ, మళ్లీ చెప్పు."

ఇంకొకతను నీళ్లు శుభ్రం చేసే యంత్రం అమ్మబోయాడు. "మీ యొక్క కుటుంబం యొక్క ఆరోగ్యం యొక్క రక్షణ కోసం..."

"మూడు యొక్కలా! మూడూ పీకి పారెయ్ నాయనా. 'మీ కుటుంబ ఆరోగ్యం కోసం' అను, నోటికి హాయి."

ఇంతా చేసి ఒక్క వస్తువైనా కొన్న పాపాన పోలేదు.

వినేవాళ్లకిది నవ్వులాటే. కోడలికి కాదు. పనిచేసే ఆఫీసు మూతపడి ఎనిమిది నెలలైంది. ఇంట్లో సెల్లుకు సిగ్నల్ అందదని దరఖాస్తులన్నింట్లోనూ ఇంటి నంబరే రాసింది. ఉద్యోగం లేని మనిషికి ఫోను మోగినప్పుడల్లా అది తన కోసమే అనిపిస్తుంది. పళ్ల డాక్టరుగారి క్లినిక్ వాళ్లు ఆమె కోసం మూడుసార్లు చేశారట. మూడుసార్లూ ఎంగేజే. నాలుగోసారి ఇంకెవరికో చేశారు.

"మీ యొక్కల పుణ్యమా అని నా ఉద్యోగం పోయింది మామయ్యగారూ" అని మొహం మీదే అనేసింది. ఆయన తల దించుకున్నాడు. మర్నాడు ఫోను మోగగానే మళ్లీ "చెప్పమ్మా, తొందరేం లేదు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఆయనతో మాట్లాడడం మానేసింది.

చివరికి దొరికిన పని ఏమిటయ్యా అంటే, ఫోన్లో అమ్మకాలు! ఇన్నాళ్లూ తన ఉసురు పోసుకున్నవాళ్ల మధ్యే కుర్చీ వేశారు. ఎదురుగా కాగితం, దాన్నిండా యొక్కలు. మూడు నిమిషాలు దాటితేనే అది కాల్ కింద లెక్క. అలాంటివి రోజుకు పది చెయ్యాలి. శుక్రవారం సాయంత్రానికి ఒక్కటి తగ్గినా సోమవారం రానక్కర్లేదు.

ఆ వారం ఆమె పడని మాట లేదు. "నీకు వేరే బతుకు దొరకలేదా?" అన్నారు. దొరకలేదు అనేలోపే ఫోను పెట్టేశారు. ఒకావిడ ఫోను తీసుకెళ్లి కుక్క దగ్గర పెట్టింది. కుక్క కూడా నిమిషంలో విసుక్కుని వెళ్లిపోయింది.

శుక్రవారం అయిదున్నరకు ఆ రోజువి తొమ్మిదే అయ్యాయి. ఆరింటికి కంప్యూటర్లు ఆపేస్తారు. కోడలికి ఏడుపొక్కటే తక్కువ. పక్క సీటు అమ్మాయి చూసి, "అక్కా, తాతయ్యకి చెయ్యి" అంది.

"ఏ తాతయ్య?"

"తక్కువైతే మేమంతా ఆయనకే చేస్తాం. ఎప్పుడో ఒకమ్మాయి ఈ మూడు నిమిషాల గొడవ చెప్పుకుని ఏడ్చిందట. ఎవరికైనా తెలిస్తే తన పని పోతుందని ఒట్టు కూడా వేయించుకుందట. అప్పట్నుంచి ఎవరు చేసినా పెట్టెయ్యడు. తెలుగు దిద్దుతూ మూడు నిమిషాలు దాటించేస్తాడు. నేనిక్కడ ఉన్నానంటే ఆయన చలవే."

బల్లకి అంటించిన చీటీ చూపించింది. దాని మీదున్నది కోడలి ఇంటి నంబరే.

చేసింది. ఎంగేజ్! వెనక వరసలోంచి ఒకతను చెయ్యెత్తి, "ఒక్క నిమిషం మేడమ్, నాది అయిపోవచ్చింది" అన్నాడు.

పావు తక్కువ ఆరుకు లైను దొరికింది.

"చెప్పమ్మా, తొందరేం లేదు."

ఇన్ని నెలలూ ఆ మాట వింటేనే ఆమెకు ఒళ్లు మండేది. ఇప్పుడు సిగ్గేసింది. కాగితం మీద ఒక్క అక్షరం కనబడలేదు.

"మామయ్యగారూ..." అనేసింది.

అవతల చిన్న దగ్గు.

"తప్పమ్మా. కొనేవాళ్లని మామయ్యగారూ అంటే మీ పైవాళ్లు ఊరుకోరు. 'అండీ' అనాలి."

"అండీ..."

"ఆఁ, ఇప్పుడు చెప్పండి. ఏమిటమ్ముతున్నారు?"

"నీళ్ల యంత్రమండీ."

"అయ్యో, మా కోడలు ఇంట్లో లేదండీ. ఆవిణ్ణి అడక్కుండా నేనేదీ కొనను. ఆవిడ సంగతి మీకు తెలీదు. చెప్తాను, వినండి" అని మొదలుపెట్టాడు. ఆరింటికి కంప్యూటర్లు ఆపేసేదాకా చెబుతూనే ఉన్నాడు.