రిబ్కమ్మ భుజం

మందమర్రి కార్మికుల కాలనీలో మా పక్కింటి రిబ్కమ్మ నలభై ఆరేళ్లకే గుండెనొప్పితో పోయింది. అయ్యో పాపం అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆమెది పాపమనిపించుకునే బతుకు కాదు.

మా మెథడిస్టు సంఘంలో శవపేటిక మోయడం మగవాళ్ల పని. ఆడవాళ్లు వెనక పాటలు పాడుకుంటూ నడవాలి. రిబ్కమ్మ తల్లి చనిపోయిననాడు మగవాళ్లంతా బొగ్గుగనిలో ఉన్నారు. షిఫ్టు దిగేదాకా ఆగమన్నాడు సంఘపెద్ద సీమోను.

"నీళ్ల బిందెలు మోసినం, పిల్లలను మోసినం, తాగి పడ్డ మొగోళ్లను గూడ ఇంటికి మోసుకొచ్చినం. మా అవ్వను మొయ్యలేమా?" అంటూ రిబ్కమ్మ పెట్టె కింద భుజం పెట్టింది. నాతోపాటు మరికొందరు ఆడవాళ్లం కలిశాం. సీమోను కోపంతో సమాధుల తోటకు రానేలేదు.

అప్పటినుంచి మా కాలనీలో షిఫ్టు కోసం ఏ శవమూ ఆగలేదు. కబురు రాగానే రిబ్కమ్మ కొంగు నడుముకు చుట్టి బయల్దేరేది. పొట్టిగా ఉన్నవాళ్ల భుజం మీద పాతచీర మడిచిపెట్టి, పెట్టె ఒరగకుండా ఎత్తు సరిచేసేది.

మొన్న ఆదివారం ఆమె పెట్టె మా ఆడవాళ్ల భుజాల మీదికి లేచింది. సెలవు కాబట్టి మగవాళ్లంతా ఇళ్లలోనే ఉన్నారు. ముసలివాడైన సీమోను ముందుకొచ్చి చేయి చాచాడు.

"జర నాకూ ఓ పక్క ఇయ్యుండ్రి, బిడ్డా."

రిబ్కమ్మ కూతురు మహిమ నడక ఆపలేదు. "ఎన్క నడువు తాతా, పాట అందుకో. మేం అలిసిపోతే పిలుస్తం."

సీమోను వెనక్కి వెళ్లి పాట అందుకున్నాడు. సమాధుల తోట దాకా మేమెవ్వరమూ అలిసిపోలేదు.