ఫోన్ మోగితే దాచే కత్తెర

కోరుట్లలో మా అమ్మ బీడీలు చేసేది. దుబాయిలో ఉన్న నాన్న ఫోన్ చేసి, "బజారుకెందుకు పోయినవ్? ఎవలతోని మాట్లాడినవ్?" అని తిట్టేవాడు. ఎదురు చెబితే పక్కనే ఉన్న నానమ్మ ఊరుకోదు. అమ్మ కిక్కురుమనకుండా విని, ఫోన్ పెట్టేశాక చేతికందింది నా మీదికి విసిరేది. ఒకసారి తునికాకు కత్తిరించే కత్తెర అందింది. నా మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత ఫోన్ మోగగానే బీడీల చాటలోంచి కత్తెర తీసి బియ్యం డబ్బాలో దాచేదాన్ని.

మావాళ్లు అమ్మను రాక్షసి అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. ఆమెను ఒక్క మాట తిరిగి అననిచ్చారా?

ఇప్పుడు జగిత్యాలలో నేనూ బీడీలే చేస్తున్నాను. నా భర్త మస్కట్‌లో ఉన్నాడు. మొన్న వీడియో కాల్ చేసి, "ఫోన్ తిప్పు, ఇంట్ల ఎవలున్నరో చూపెట్టు" అన్నాడు. పళ్లు కొరుక్కుంటూ ఇల్లంతా చూపించాను. కాల్ అయ్యాక ఆకు కత్తిరిద్దామంటే చాటలో కత్తెర లేదు.

"కత్తెరేదే, బిడ్డా?"

నా కూతురు చేతులు వీపు వెనక పెట్టుకుని, గోడకు అతుక్కుపోయి నిలబడింది.

"జర్ర సేపాగి ఇస్తనమ్మా."

నా మచ్చ సంగతి దానికి నేనెన్నడూ చెప్పలేదు.