మన కొండల అంబర్

రత్నమణికి మూర్ఖులంటే గిట్టదు. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన ఆవిడ లెక్కలో కంచరపాలెం మొత్తం ఫెయిలే. అందరికన్నా అడుగున ఉన్నవాడు సొంత తమ్ముడు టిమోతి. వలల వ్యాపారం, ఆక్వేరియంలు, వాస్తు అద్దాలు, వాడు చెయ్యి పెట్టిందల్లా మునిగింది. ఇప్పుడు వన్ టౌన్‌లో పూసల కొట్టు పెట్టి, "మన కొండల్లో దొరికిన అంబర్" అని బోర్డు కట్టాడు. ఆ పూసల దండ మెళ్లో వేస్తే పసిపిల్లలకు నొప్పి లేకుండా పళ్లొస్తాయట.

"అక్కా, ఓపెనింగుకొచ్చి రెండు ముక్కలు సెప్పు. లెక్చరరమ్మవి గదా" అని బతిమాలాడు.

వెళ్లింది, వాడి పరువు తీయడానికే.

పాస్టరుగారి ప్రార్థన అవగానే మైకు అందుకుంది. గోళ్లరంగు చెరిపే మందు ఒక పూస మీద చుక్క వేసి, వేలితో నొక్కి ఎత్తింది. పూస వేలికి అంటుకుని వచ్చింది.

"చూశారా? అసలు అంబరైతే ఇలా అంటుకోదు, ఇది పచ్చి జిగురు. అంబర్ కావాలంటే చెట్టు కార్చిన జిగురు ఏటి బురదతో కొట్టుకుపోయి, గాలి తగలని చోట పొరల కింద పడాలి. పైన బరువు పెరిగేకొద్దీ దాన్లో నూనెలన్నీ ఇగిరిపోవాలి. మిగిలింది కోట్ల ఏళ్లకు గట్టిపడుతుంది. మన కొండలంటారా, భూమి లోతుల్లో కాగి కాగి పైకొచ్చిన రాళ్లవి. వాటిలో అంబర్ దొరికిందనడం కుంపట్లో వెన్న దొరికిందనడమే!"

టిమోతి మొహం పాలిపోయింది. అంతలో మనవరాల్ని చంకనెత్తుకున్న తవిటమ్మ, సముద్రం ఒడ్డున చేపలమ్మే మనిషి, ముందుకు తోసుకొచ్చింది.

"కోట్లేళ్ల నాటిదంట! బావూ, మా పిల్లకోటియ్యి."

"నాను కాదని సెప్తంటే నువ్వేటి వింటన్నావే?" రత్నమణికి ఇంటి భాష తన్నుకొచ్చింది.

"మరి ఏలికంటుకుంది కదమ్మా. పవర్ లేకపోతే అంటుకుంటాదా?"

ఆ మాటతో జనం ఎగబడ్డారు. మధ్యాహ్నానికి సరుకు ఖాళీ. టిమోతి పొంగిపోయి కూల్‌డ్రింకు తెచ్చిస్తే, రత్నమణి అది ముట్టకుండా రోడ్డు మీదికొచ్చింది. సందు మొదట్లో తవిటమ్మ చంకలో మనవరాలు మెళ్లోని దండను గుంజుతూ ఉక్కిరిబిక్కిరవుతోంది. రత్నమణి పరుగెత్తి, దండ విప్పి లాగేసింది.

"రాళ్ల సంగతి నీకెందుకు గానీ, నిద్దట్లో ఇది పీకకి బిగిస్తే పిల్ల బతుకుద్దా?"

తవిటమ్మ పిల్లను గుండెకు హత్తుకుంది. ఈ ముక్క వెంటనే అర్థమైంది ఆవిడకి.

"ఇంకెయ్యనమ్మా, ఒట్టు" అంది. కాస్త తేరుకుని, "గుమ్మానికి కట్టుకుంటాను, ఇలా తెండి. దిష్టి తగల్దు."

"ఏడ్చినట్టుంది" అని దండ ఆవిడ చేతిలో పడేసి, రత్నమణి ఆటో ఎక్కింది.