నిలువు గీతకు ఎడమవైపు

ఢిల్లీ సాకేత్‌లో నేను పనిచేసే చోటు మూడో అంతస్తులో ఉంటుంది. మనసు బాగాలేని వాళ్లతో ఎలా మాట్లాడాలో అక్కడ నేర్పిస్తారు. ఎంఏ చదివిన ఆడపిల్లలు, మగపిల్లలు ఏడాదిపాటు నేర్చుకుని కౌన్సెలర్లుగా వెళతారు. గదులు తుడవడం, టీ పెట్టడం, మాట్లాడుకునే గదుల్లో టిష్యూ డబ్బా ఖాళీ కాకుండా చూడటం నా పని. ఒక్కోరోజు రెండు డబ్బాలు అయిపోయేవి. నా భర్త అదే భవనానికి గేటు దగ్గర గార్డు. శ్రీకాకుళం నుంచి కట్టుబడి పనికి వచ్చి, నడుం దెబ్బతిన్నాక ఆ కుర్చీలో కూర్చున్నాడు.

మాకు ఒక్కతే కూతురు. ఆరో తరగతి చదువుతూ, వానాకాలంలో డెంగీ వచ్చి పోయింది. జ్వరంతోనే పరీక్షకు వెళ్లింది, మధ్యాహ్నం బడి నుంచి ఫోన్ వచ్చింది, ఐదో రోజున ఆసుపత్రిలో పోయింది. ఎవరు అడిగినా నా భర్త ఒకే మాట చెప్పేవాడు. "సదువంటే అంత ప్రానం దానికి. జొరం ఉన్నా మానలేదు, తనంతట తానే ఎల్లింది." ఆ మాట చెప్పేటప్పుడు వీపు నిటారుగా పెట్టేవాడు. ఏడవడానికి బదులు అతనికి అదొకటి దొరికింది. వింటూ నేను లోపలికి వెళ్లిపోయేదాన్ని. ఎందుకంటే అది తనంతట తాను వెళ్లలేదు.

ఆ సంగతి నేను మొదట చెప్పింది అతనికి కాదు.

పిల్ల పోయిన మూడో ఏడు, ఆ సంవత్సరం ట్రైనీల్లో ఒక తెలుగమ్మాయి వచ్చింది. కరీంనగర్ పిల్ల. మయూర్ విహార్‌లో నలుగురితో కలిసి అద్దెకు ఉండేది. ఒకరోజు నేను వంటగదిలో పాలగిన్నె ముందు నిలబడి ఏడుస్తుంటే చూసింది. పాలు పొంగిపోతున్నాయి. ఆమె ముందు పొయ్యి ఆర్పింది, తర్వాత నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఆంటీ, మీరు నాతోని మాట్లాడుతరా? శనివారం పగటిపూట గది ఖాళీనే ఉంటది."

"ఏటమ్మా, నాకేటి పిచ్చా?"

"పిచ్చోళ్లు గాదు ఆంటీ, మా దగ్గరికి మంచోళ్లే వస్తరు. పిచ్చోళ్లు బయట కార్లు నడుపుతున్నరు, చూస్తలేరా?"

నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఒప్పుకున్నాను.

ఆమెకూ అవసరం ఉందని తర్వాత తెలిసింది. ట్రైనీలు ఇన్ని గంటలు మనుషులతో కూర్చుని మాట్లాడితేనే సర్టిఫికెట్ ఇస్తారు. ఆమెకు గంటలు తక్కువ పడ్డాయి. సొంత భాషలో మాట్లాడే మనిషితో పనిచేయాలని కోరిక కూడా ఉండేది. అయితే అక్కడ పనిచేసేవాళ్లను కూర్చోబెట్టకూడదని నియమం. పొద్దున టీ అందించే మనిషి, మధ్యాహ్నం ఎదురుగా కూర్చుని ఏడిస్తే, మర్నాడు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం ఇద్దరికీ కష్టమని ఆ నియమం పెట్టారట. ఆమె కాగితంలో నన్ను "గృహిణి, మయూర్ విహార్" అని రాసింది. అప్పుడు నాకది తెలియదు. తెలిసినా పెద్ద తప్పనుకునేదాన్ని కాదేమో.

మొదటి శనివారం ఒక ఫారం తెచ్చింది. ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చెప్పింది. "మీ పేరు మారుస్తం. మీ మాటలు ఫోన్ల రికార్డ్ చేసి, నేను రాసి, మా మేడమ్‌కు చూపిస్త. శిక్షణ కోసం వాడుకుంటరు."

"నా మాటలు సదువుకి పనికొస్తాయేటి?" అన్నాను. వేలిముద్ర వేశాను. అప్పటికి నాకు అక్షరం రాదు.

నాలుగో శనివారం చెప్పాను. ఆ పొద్దున పిల్ల చాప మీద నుంచి లేవలేదు. తలనొప్పి అంది. ఆ రోజు లెక్కల పరీక్ష. లెక్కల పరీక్ష అనేసరికి దానికి కడుపునొప్పో కాలునొప్పో రావడం మామూలే. నా భర్త అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు. నేను చెయ్యి పట్టి లేపాను. "నాటకాలు ఆడకు. బడికెళ్లకపోతే నాలాగ గిన్నెలు తోముతావు" అన్నాను. జడ వేసి రిబ్బన్ బిగించి కట్టాను. "అమ్మా, నొప్పి" అంది. రిబ్బన్ గురించి అనుకున్నాను.

ఆ అమ్మాయి 'మీ తప్పు కాదు' అనలేదు. ఎవరైనా అదే అంటారని భయపడి కూర్చున్నాను. ఆమె టిష్యూ డబ్బా కూడా నా వైపు తొయ్యలేదు. కదలకుండా కూర్చుంది. నేను రోజూ తుడిచే ఆ గదిలో అంత నిశ్శబ్దం ఉంటుందని ఆరోజే తెలిసింది. ఇంటికి వెళ్లి అన్నం తిన్నాను, రుచి తెలిసింది.

కొన్ని వారాల తర్వాత, కూతురికి ఉత్తరం రాయమంది. చనిపోయినవాళ్లకు అలా రాయించడం వాళ్ల పద్ధతుల్లో ఒకటి. నాకు రాయడం రాదన్నాను. నువ్వు చెప్పు, నేను రాస్తానంటుందనుకున్నాను. ఆమె నా చేతికి పెన్ను ఇచ్చింది. ఆ తర్వాతి శనివారాలు సగం మాటలకు, సగం అక్షరాలకు పోయాయి. నలభై ఆరేళ్ల వయసులో 'అ' రాయడానికి నా వేళ్లు పెన్నును గరిటె పట్టుకున్నట్టు పట్టుకునేవి. అదీ వాళ్ల పద్ధతిలో లేని పనేనట. ఆమె చదువు అయిపోయేసరికి నేను కూడబలుక్కుని చదవగలిగేదాన్ని. ఉత్తరం నాలుగు లైన్లు రాశాను. అందులో ఏముందో ఇక్కడ రాయను. ఆమెకు నోయిడాలో ఒక బడిలో ఉద్యోగం వచ్చింది. వెళ్లేటప్పుడు పాత తెలుగు పత్రికల కట్ట ఇచ్చింది. పగలు పని మధ్యలో వాటితో కూర్చునేదాన్ని.

మరుసటి ఏడు కొత్త బ్యాచ్ వచ్చింది. ఒక పూట వాళ్లకు రోల్ ప్లే జరుగుతోంది. ఒకరు బాధ చెప్పుకునే మనిషిగా, ఒకరు కౌన్సెలర్‌గా మధ్యలో కూర్చుంటారు. మిగతావాళ్లు చుట్టూ కూర్చుని చూస్తారు. భోజనాల ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేశారు. నేను రెండోసారికి టీ పట్టుకుని వెళ్లాను.

బాధ చెప్పుకునే కుర్చీలో ఒక ఢిల్లీ అమ్మాయి. చున్నీ తలమీద కప్పుకుంది, పేదింటి ఆడదానిలా కనపడాలని కాబోలు. ఆమె హిందీలో అంటోంది. "మైనే కహా, నాటక్ మత్ కర్. స్కూల్ నహీ గయీ తో మేరీ తరహ్ బర్తన్ మాంజేగీ." నాటకాలాడకు, నాలాగ గిన్నెలు తోముతావు అని. గాల్లో రిబ్బన్ ముడి వేసి బిగించింది. వెనక ఎవరో ఆపుకోలేక కిసుక్కుమన్నారు. "అరే యార్, ఓవర్ యాక్టింగ్" అన్నాడొకడు. మేడమ్ కోప్పడింది.

నేను ట్రే పట్టుకుని నిలబడిపోయాను. కుర్చీలో ఉన్న అమ్మాయి నావైపు చెయ్యి చాపి, "ఆంటీ, మేరీ వాలీ మే చీనీ కమ్ హై నా?" అంది, తన కప్పులో చక్కెర తక్కువే కదా అని. చున్నీ ఇంకా తలమీదే ఉంది. కప్పు ఇచ్చాను.

బల్ల మీద జిరాక్స్ కాగితాలు ఉన్నాయి. మధ్యలో నిలువు గీత. గీతకు కుడివైపు ఇంగ్లీషు, ఎడమవైపు తెలుగు. మేడమ్‌కు తెలుగు రాదు కాబట్టి కరీంనగర్ అమ్మాయి రెండూ రాసింది. విన్నది విన్నట్టు రాయాలని వాళ్ల నియమం. కప్పులు సర్దుతున్నట్టు వంగి, ఒక్కొక్క అక్షరం చదివాను. 'నాను దాని సెయ్యి ఒట్టుకుని లేపినాను.' పత్రికల్లో నేను కూడబలుక్కున్న తెలుగు వేరు. నేను మాట్లాడే మాట అచ్చంగా కాగితం మీద ఉండటం అదే మొదటిసారి చూశాను. పేరు మార్చారు. ఊరు మార్చారు. నేను మాత్రం అలాగే ఉన్నాను.

క్లాసు అయ్యాక మేడమ్ గదికి వెళ్లాను. కాగితం చూపించి, ఇది వాడొద్దని హిందీలో చెప్పాను.

"ఎందుకు? ఇది మయూర్ విహార్‌లో ఉండే ఒక గృహిణి కేసు. చాలా మంచి ట్రాన్‌స్క్రిప్ట్. ఆమె అనుమతి ఇచ్చింది."

"ఆమె నేనే, మేడమ్."

ఆవిడ కూర్చోమంది. ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. నేను అక్కడ పనిచేసే మనిషినని తెలిస్తే, అసలు ఆ సెషన్లే జరగనిచ్చేదాన్ని కాదంది. తెలియకపోయినా క్లాసులో పంచే ముందు ఆ మనిషిని మళ్లీ అడగాల్సింది, అడగలేదంది. వెంటనే వెళ్లి పిల్లలందరి దగ్గరా కాగితాలు వెనక్కి తీసుకుంది. పదహారు. లెక్క సరిపోయింది. కానీ మొదటి రోల్ ప్లే అయ్యాక వాళ్లంతా భోజనానికి కిందికి వెళ్లి వచ్చారు. గేటు పక్కనే టీ కొట్టు ఉంది.

సాయంత్రం ఇంట్లో బియ్యం కడుగుతున్నాను. నా భర్త యూనిఫాం చొక్కా విప్పుతూ అన్నాడు.

"ఈయేల మీ పిల్లలు టీ కొట్టు కాడ ఎవర్తో తల్లి గురించి సెప్పుకుంతన్నారే. జొరంతో ఉన్న పిల్లని, నాటకాలాడకని బడికి తోలిందంట. ఎలాటి తల్లులుంతారో సూడు." చొక్కా మేకుకు తగిలించాడు. "మనదీ పరీచ్చకే ఎల్లింది గాని, అది దాని ఇష్టంతో ఎల్లింది."

బియ్యం నీళ్లు వంచేశాను. వంచాక, "మావా, ఆ తల్లి నానే" అన్నాను.

మొత్తం చెప్పాను. రిబ్బన్ కూడా చెప్పాను. ఆ అమ్మాయి గురించి, శనివారాల గురించి, ఫారం గురించి, కాగితాల గురించి చెప్పాను. అతను అరుస్తాడనుకున్నాను. కొడతాడేమోనని కూడా అనుకున్నాను, ఎన్నడూ కొట్టని మనిషైనా. అతను విప్పిన చొక్కా మళ్లీ తొడుక్కుని బొత్తాలు పెట్టుకున్నాడు. ఎక్కడికీ వెళ్లలేదు. గుమ్మం మీద కూర్చున్నాడు.

"ఆ పిల్లకి సెప్పినావు" అన్నాడు. "మీ మేడమ్ సదివింది. పదారు మంది ఆటాడుకున్నారు. టీ కొట్టోడు కూడా ఇన్నాడు. నాకు సెప్పనేదు."

నీ దగ్గరున్న ఒక్క మాటా లాక్కోలేక చెప్పలేదని ఇప్పుడు రాయగలను. అప్పుడు నోరు రాలేదు.

రెండు రోజుల తర్వాత నోయిడా నుంచి ఆ అమ్మాయి వచ్చింది. మేడమ్ ముందు ఏడ్చింది. "స్టాఫ్ అని రాస్తే ఒప్పుకునేటోళ్లు కాదు ఆంటీ. మీకు మంచిగైతదనే చేసిన."

"మంచిగానే అయిందమ్మా" అన్నాను. "నువ్వు ఇన్నావు కాబట్టే అన్నం తిన్నాను. గాని నన్నెవరో మయూర్ విహార్ ఆవిడని రాసీసినావు. అందుకే గదా నా ఎదురుగానే నా కత ఆడినారు."

మేడమ్ నాకు తెల్లకాగితం ఇచ్చి, జరిగింది రాయమంది, కావాలంటే తాను రాసి పెడతానంది. నేనే రాశాను. రెండు గంటలు పట్టింది. ఆ అమ్మాయి దాచిన సంగతి రాశాను, విన్న సంగతీ రాశాను. శిక్ష వెయ్యమనీ రాయలేదు, వద్దనీ రాయలేదు. కమిటీ ఆమె గంటలు రద్దు చేసింది. ఇంకో ఏడాది మళ్లీ చెయ్యమంది. సర్టిఫికెట్ తెచ్చాకే రమ్మని నోయిడా బడివాళ్లు పంపేశారని విన్నాను. ఇక మేమిద్దరం మాట్లాడుకోకూడదని మేడమ్ చెప్పింది. అది నా మంచికేనని చెప్పింది. అయ్యుండవచ్చు. ఆమె నంబరు నా ఫోన్‌లో ఉంది, ఎన్నడూ నొక్కలేదు. కావాలంటే బయటి కౌన్సెలర్ల దగ్గరికి పంపిస్తానని, ఖర్చు తామే పెట్టుకుంటామని కూడా మేడమ్ అంది. వద్దన్నాను.

నా భర్త పనికి వెళుతూనే ఉన్నాడు. ఇంటికి వస్తాడు, వండింది తింటాడు, కరెంటు బిల్లు గురించి, నీళ్ల ట్యాంకరు గురించి మాట్లాడతాడు. పిల్ల సంగతి మాత్రం ఎత్తడం మానేశాడు. మొన్న సరోజినీ నగర్ బజారులో మా ఊరివాళ్లు కనపడి అడిగితే, "జొరమొచ్చి పోయింది" అని పక్కకు తిరిగాడు. వీపు వంగి ఉంది. నేను స్వెట్టర్లు చూస్తున్నట్టు నిలబడ్డాను.

ఒక ఆదివారం పొద్దున, అతను బూట్లకు పాలిష్ వేస్తూ, నావైపు చూడకుండా అడిగాడు.

"నాటకాలాడకని ఆ మాట ఎలాగన్నావే? గట్టిగా అన్నావా, మెల్లిగా అన్నావా?"

ఆ గదిలో ఆ అమ్మాయి అడగని ప్రశ్న అది. పదహారు మందిలో ఎవరికీ తట్టని ప్రశ్న. మెల్లిగానే అన్నానని చెప్పొచ్చు, ఆ పొద్దున వినడానికి అక్కడ ఇంకెవరూ లేరు.

"గట్టిగానే అన్నాను, మావా" అన్నాను.

అతను తలూపి, రెండో బూటు తీసుకున్నాడు.